కొత్త ల్యాప్‌టాప్ నిజంగా ఎప్పుడు పాతబడుతుంది?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి సీటు ఖాయమయ్యాక చోడవరం ప్రాంతంలోని చాలా ఇళ్లలో మొదలయ్యే చర్చ ల్యాప్‌టాప్ గురించే. ఫీజు, హాస్టల్, బస్ పాస్ లెక్కలు ఒక కొలిక్కి వచ్చాక మిగిలే పెద్ద ఖర్చు అదే. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ చెరకును నమ్ముకుని బతికిన ఊళ్లు ఇవి. ఇక్కడి రైతు కుటుంబం యాభై, అరవై వేలు ఒక్కసారిగా బయటికి తీయాలంటే మరో ఖర్చు ఆపుకోవాలి. అందుకే ధర అడిగే ముందే తల్లిదండ్రుల నోట ఈ మాట వస్తుంది: "ఇప్పుడు కొంటే చదువయ్యేదాకా వస్తుందా? రెండేళ్లకే పాతదైపోదు కదా?"

ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కష్టార్జితం మీద ఉన్న జాగ్రత్త అది. అయితే ఆ జాగ్రత్త సరైన చోట పడాలి. మార్కెట్లోకి కొత్త మోడల్ వచ్చినంత మాత్రాన మీ ఇంట్లోని ల్యాప్‌టాప్ పని తగ్గదు. కొత్త ట్రాక్టర్ వచ్చిందని నిరుటి ట్రాక్టర్ దున్నడం మానదు కదా! ల్యాప్‌టాప్ పాతబడేలా చేసేవి ప్రధానంగా మూడే: దానికి అందే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోవడం, మన పనికి దాని సామర్థ్యం చాలకపోవడం, దాని శరీరం అరిగిపోవడం. ఈ మూడింటినీ కొనే రోజునే చాలావరకు అంచనా వేయవచ్చు.

భయం ఎక్కడ పుట్టింది?

కంప్యూటర్ కొన్న మర్నాడే పాతదవుతుందనే మాట ఒకప్పుడు నిజమే. 1965లో గోర్డన్ మూర్ అనే ఇంజనీరు చిప్‌లో పట్టే భాగాల సంఖ్య ఏటా రెట్టింపవుతోందని గమనించి రాశాడు. 1975లో దాన్ని రెండేళ్లకోసారి అని సవరించాడు. తర్వాతి కాలంలో ఇంటెల్ సంస్థను స్థాపించినవారిలో ఒకడైన మూర్ పేరు మీదే దీన్ని మూర్ సూత్రం అంటున్నారు.

1990లలో ఆ వేగం వినియోగదారుడికి నేరుగా తెలిసేది. 1993లో వచ్చిన తొలి పెంటియమ్ చిప్‌లు 60 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యాయి. 2000 మార్చి నాటికి 1,000 మెగాహెర్ట్జ్, అంటే ఒక గిగాహెర్ట్జ్ చిప్ వచ్చేసింది. ఏడేళ్లలో గడియారం వేగమే పదహారు రెట్లు పెరిగింది. 1995లో కొన్న కంప్యూటర్‌లో 2000 నాటి సాఫ్ట్‌వేర్ నడవడం నిజంగానే కష్టం. ఆ రోజుల్లో అప్పుచేసి కంప్యూటర్ కొని, కొద్దికాలానికే అది మూలన పడటం చూసినవాళ్లు ఆ అనుభవాన్నే తర్వాతి తరానికి చెప్పారు.

2004 నాటికి ఇంటెల్ చిప్‌లు 3.8 గిగాహెర్ట్జ్‌కు చేరాయి. అక్కడ వేడి అడ్డం పడింది. ఆనాటి చిప్‌లలో వేగం ఇంకా పెంచితే అదుపు చేయలేనంత వేడి పుట్టేది. దాంతో తయారీదారులు దారి మార్చి, ఒకే చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టడం మొదలుపెట్టారు. అప్పటి నుంచీ చిప్‌లు మెరుగుపడుతూనే ఉన్నా, రాత పనికి, బ్రౌజింగ్‌కు, వీడియో పాఠాలకు ఆ తేడా మునుపటంత తెలియదు. రోజువారీ పని విషయంలో ఈనాటి మంచి ల్యాప్‌టాప్ ఆరేడేళ్లు నిలుస్తుంది. పరిస్థితి మారింది కానీ 1990ల భయం మాత్రం అలాగే మిగిలింది.

కొత్త మోడల్ మాటకు కూలిన సంస్థ

"ఆగితే ఇంకా మంచిది వస్తుంది" అన్న ఆలోచనకు ఎంత బలం ఉందో చెప్పే కథ ఒకటి మనకు దగ్గరలోనే ఉంది. గిరిప్రదక్షిణకు మనవాళ్లు వెళ్లే తిరువణ్ణామలైలో, రమణ మహర్షి భక్తుడైన ఆర్థర్ ఆస్‌బోర్న్ కుటుంబం స్థిరపడింది. ఆయన కొడుకు ఆడమ్ ఆస్‌బోర్న్ బాల్యం అక్కడే గడిచింది. పెద్దయ్యాక అమెరికా వెళ్లిన ఆడమ్ 1981లో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటర్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. బరువు దాదాపు 11 కిలోలు, తెర అయిదు అంగుళాలు, ధర 1,795 డాలర్లు. సూట్‌కేసులా చేత్తో పట్టుకెళ్లగలిగిన కంప్యూటర్లలో వ్యాపారపరంగా తొలి విజయం దానిదే.

1983లో, తర్వాతి మోడల్ ఇంకా దుకాణాలకు రాకముందే దాని గురించి బయటికి చెప్పేశారు. కొనాలనుకున్నవాళ్లు ఆగిపోయారు. సరుకు గోదాముల్లో పేరుకుపోయింది. ఆ ఏడాది సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది. పోటీదారుల ఒత్తిడి, నిర్వహణ లోపాలు కూడా ఇందుకు కారణమని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అయినా రాబోయే సరుకు గురించి ముందే చెప్పి ఉన్న సరుకు అమ్మకాలను దెబ్బతీసుకోవడాన్ని వ్యాపార ప్రపంచం ఇప్పటికీ ఆస్‌బోర్న్ ప్రభావం అనే పిలుస్తోంది.

ఇందులో కొనుగోలుదారు గమనించవలసింది ఒకటుంది. ఆ రోజు ఆగిపోయినవాళ్ల చేతిలో ఏ కంప్యూటరూ లేదు. కొన్నవాళ్ల యంత్రం మాత్రం నిన్న చేసిన పనే ఇవాళా చేసింది.

మొదటి కారణం: అప్‌డేట్లు ఆగిపోవడం

ల్యాప్‌టాప్ పాతబడటానికి ఇప్పుడు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. విండోస్ 10 ఉదాహరణ చూడండి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన మరుసటి ఏడాది, 2015 జులై 29న, విండోస్ 10 విడుదలైంది. 2025 అక్టోబరు 14తో దానికి మద్దతు ముగిసింది.

ఆ తర్వాత విండోస్ 10 ఉన్న ల్యాప్‌టాప్ ఆన్ కాకుండా పోలేదు, ఫైళ్లు చెరిగిపోలేదు. ఆగినవి భద్రతా సవరణలు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా దొంగలు దూరగల లోపాలు బయటపడుతూనే ఉంటాయి, కంపెనీ వాటిని ఎప్పటికప్పుడు పూడుస్తూ ఉంటుంది. ఆ పూడ్చే పని ఆగిన యంత్రంలో బ్యాంకు లావాదేవీలు చేయడం కాలం గడిచేకొద్దీ ప్రమాదకరం. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబరు 13 దాకా భద్రతా సవరణలు పొందే ఏడాది గడువును మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. దానికి విడిగా నమోదు చేసుకోవాలి.

విండోస్ 11కు మారిపోతే సరిపోతుంది కదా అనుకుంటాం. చిక్కు అక్కడే ఉంది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి. ఇంటెల్ చిప్‌లలో చాలావరకు ఎనిమిదో తరం, అంటే 2017 ద్వితీయార్ధంలో మొదలైన తరం నుంచే అధికారిక అనుమతి ఉంది. దాంతో 2017 మొదట్లో ఏడో తరం చిప్‌తో ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు, యంత్రం నిక్షేపంగా ఉన్నా దారి మూసుకుపోయింది. అదే ధరకు ఏడాది తర్వాత ఎనిమిదో తరం కొన్నవాళ్లకు ఆ ఇబ్బంది రాలేదు. ఇద్దరి పని ఒకటే, వాడకం ఒకటే. తేడా అంతా చిప్ ఏ తరానిదన్న దగ్గరే వచ్చింది.

మిగతా కంపెనీలదీ ఇదే పద్ధతి. 2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు, లోపలి హార్డ్‌వేర్ ప్లాట్‌ఫామ్ విడుదలైనప్పటి నుంచి పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకు 2025లో విడుదలైన మ్యాక్‌ఓఎస్ టాహో ఆఖరి వెర్షన్ అని ఆపిల్ చెప్పేసింది. 2020 చివర్లో వచ్చిన ఎమ్1 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్‌కు మాత్రం అదే టాహో వచ్చింది, దారీ మూయలేదు.

అందుకే దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న, "ఇందులోని చిప్ మార్కెట్లోకి ఎప్పుడొచ్చింది?" అన్నది. ల్యాప్‌టాప్‌ను మీరు కొన్న తేదీ కన్నా చిప్ పుట్టిన తేదీ దాని ఆయుష్షును ఎక్కువగా నిర్ణయిస్తుంది.

పేరు కొత్తది, లోపల పాతది

చిప్ వయసు తెలుసుకోవడం అంత సులువు కాదు. పేర్లు తికమక పెడతాయి. ఐ3 కంటే ఐ5, ఐ5 కంటే ఐ7 మంచివని అందరికీ తెలుసు. అది ఒకే తరంలో మాత్రమే నిజం. 2022లో వచ్చిన ఐ3-1215యూ చిప్‌లో ఆరు కోర్లున్నాయి. 2017 నాటి ఐ7-8550యూలో ఉన్నవి నాలుగు. పనితీరులో సాధారణంగా ఆ ఐ3దే పైచేయి. సెకండ్ హ్యాండ్‌లో "ఐ7 తక్కువకే వస్తోంది" అని సంబరపడేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరుసలో మరో మెలిక ఉంది. ఈ నాలుగంకెల సంఖ్యలో మొదటి అంకె ఏ సంవత్సరపు వరుసో చెబితే, మూడో అంకె లోపలి నిర్మాణం ఏ కాలానిదో చెబుతుంది. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2. అంటే లోపల ఉన్నది 2019లో మొదలైన జెన్ 2 నిర్మాణం. 7530యూలో ఉన్నది జెన్ 3. వినడానికి సంఖ్యలో పది తేడాయే అయినా లోపల ఒక తరం తేడా. పైగా 7520యూ చిప్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం.

కొనే ముందు చిప్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా కాగితం మీద రాసుకోండి. ఆ పేరును తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికితే విడుదలైన కాలం తెలుస్తుంది. అమ్మకందారు "లేటెస్ట్" అన్న మాట కన్నా ఆ అయిదు నిమిషాల పని నమ్మదగినది.

రెండో కారణం: సామర్థ్యం చాలకపోవడం

"ల్యాప్‌టాప్ స్లో అయిపోయింది" అన్న ఫిర్యాదులో చాలాసార్లు తప్పు చిప్‌ది కాదు. ర్యామ్ చాలకపోవడమో, డిస్క్ నెమ్మదిగా ఉండటమో అసలు కారణం. పాత హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 నుంచి 150 మెగాబైట్ల సమాచారం చదువుతుంది. సాటా రకం ఎస్‌ఎస్‌డీ 500 మెగాబైట్ల దాకా చదువుతుంది. ఎన్‌వీఎమ్ఈ రకం అయితే కొన్ని వేల మెగాబైట్లు చదువుతుంది. అయిదారేళ్ల క్రితం హార్డ్ డిస్క్‌తో కొన్న ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ వేయిస్తే, ఆన్ కావడానికి పట్టే నిమిషాలు సెకన్లలోకి వస్తాయి. కొత్తది కొనాలని నిర్ణయించుకునే ముందు చేయించదగిన మొదటి రిపేరు ఇది.

ర్యామ్ విషయంలో విండోస్ 11కు అధికారికంగా కావలసింది 4 జీబీ. అది ఆన్ కావడానికి సరిపోతుందేమో గానీ పని చేసుకోవడానికి చాలదు. ఇవాళ కొనేవారు 16 జీబీ తీసుకోవడం మేలు. డబ్బు చాలకపోతే 8 జీబీ తీసుకుని, ఖాళీ స్లాట్ ఉందో లేదో నిర్ధారించుకోండి. ర్యామ్ బోర్డుకే అతికించిన మోడల్‌లో 8 జీబీ అంటే చివరిదాకా 8 జీబీయే. ఈ ఒక్క విషయం ల్యాప్‌టాప్ ఆయుష్షులో రెండు మూడేళ్ల తేడా తేగలదు.

చదివే కోర్సును బట్టి కూడా అవసరం మారుతుంది. కంప్యూటర్ సైన్స్ విద్యార్థి రాసే సీ, పైథాన్, జావా ప్రోగ్రాములకు మధ్యస్థాయి చిప్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. మెషిన్ లెర్నింగ్ అభ్యాసాలకు గూగుల్ కొలాబ్ వంటి ఉచిత సౌకర్యం బ్రౌజర్‌లోనే దొరుకుతుంది, భారమైన లెక్క అంతా దూరంగా ఉన్న సర్వర్ చేస్తుంది. సివిల్, మెకానికల్ విద్యార్థులు త్రీడీ డిజైన్ పనులు ఎక్కువగా చేసేటట్లయితే విడి గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది. అది మొదటి ఏడాదికి అవసరమా అని కాలేజీలో సీనియర్లను అడిగి తెలుసుకోవాలి. డిగ్రీ విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, పోటీ పరీక్షలకు చదివేవారికి గేమింగ్ ల్యాప్‌టాప్ బరువు, వేడి, ధర మూడూ అనవసరం.

ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న భయం ఏఐ. 2024 మే 20న మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీ అనే వర్గాన్ని ప్రకటించింది. సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేయగల ఎన్‌పీయూ అనే విభాగం, 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజ్ దానికి అర్హతలు. ఎన్‌పీయూ లేని ల్యాప్‌టాప్ కొంటే ఏఐ కాలంలో వెనకబడతామని చాలామంది కంగారు పడుతున్నారు. చాట్‌జీపీటీ, జెమిని వంటివి పని చేసేది కంపెనీల సర్వర్లలో. వాటిని వాడటానికి బ్రౌజర్ సజావుగా నడిచే ఏ ల్యాప్‌టాప్ అయినా చాలు. ఒకే ధరలో ఎన్‌పీయూ ఉన్నది దొరికితే తీసుకోవచ్చు. దాని కోసమే పది పదిహేను వేలు అప్పు చేయనక్కర్లేదు. ఆ డబ్బు ర్యామ్ మీద పెడితే ఎక్కువ కాలం అక్కరకొస్తుంది.

మూడో కారణం: శరీరం అరగడం

ల్యాప్‌టాప్‌లో అన్నిటికంటే ముందు అరిగేది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ సాధారణ ల్యాప్‌టాప్‌లలో 300 నుంచి 500 పూర్తి చార్జింగ్‌ల తర్వాత మొదటి శక్తిలో దాదాపు 80 శాతానికి దిగుతుంది. కొన్ని మోడళ్లలో వెయ్యి దాకా నిలుస్తుంది. దీన్ని త్వరగా చంపేది వేడి. మే నెల ఉక్కలో పరుపు మీద పెట్టి చార్జింగ్‌లో ఉంచి వాడితే గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోయి వేడి బయటికి పోదు. గట్టి బల్ల మీద పెట్టి వాడటం, ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవారు చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోవడం మంచి అలవాట్లు. చాలా కంపెనీలు ఈ సెట్టింగ్ ఇస్తున్నాయి. కరెంటు హెచ్చుతగ్గులున్న చోట స్పైక్ గార్డు వాడాలి, ఉరుములు మెరుపులప్పుడు చార్జర్ తీసేయాలి.

మూత తెరిచే చోట ఉండే హింజ్, చార్జర్ గుచ్చే పిన్, దుమ్ము పట్టే ఫ్యాను తర్వాత పాడయ్యే భాగాలు. ఇవన్నీ బాగుచేయించదగినవే. అయితే విడిభాగాలు దొరకాలి, చేసే మనిషి దగ్గరలో ఉండాలి. చోడవరం నుంచి అనకాపల్లి సుమారు 20 కిలోమీటర్లు. కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే ఎక్కువగా విశాఖ వెళ్లాల్సిందే. కాబట్టి ఇక్కడివారు బ్రాండ్ ఎంచుకునేటప్పుడు విశాఖలో దానికి అధీకృత సర్వీస్ సెంటర్ ఉందా, ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ మన పిన్‌కోడ్‌కు వర్తిస్తుందా అని అడగాలి. నగరంలో ఉండేవారికి ఇది చిన్న సౌకర్యం, ఇక్కడివారికి ఒక రోజు కూలి, బస్సు ఖర్చు కలిసొచ్చే సంగతి. విడిభాగాలు, సర్వీసు సమాచారం వినియోగదారులకు ఒకేచోట దొరకాలని కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. కొనే ముందు అందులో మీ కంపెనీ వివరాలు ఉన్నాయేమో చూడండి.

ఆగడమా, కొనడమా?

ఆగితే ధర తగ్గుతుందన్నది మరో నమ్మకం. ఎలక్ట్రానిక్ వస్తువుల ధర ఎప్పుడూ కిందికే పోదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ సర్వర్ల కోసం మెమరీ చిప్‌లకు గిరాకీ పెరగడంతో తయారీ సంస్థలు అటు మొగ్గాయి, సాధారణ కంప్యూటర్లకు వెళ్లే సరుకు తగ్గింది. ఆ ఏడాది ఇంకొన్నాళ్లు చూద్దామని ఆగినవారికి లాభం రాలేదు.

కాలేజీ తెరిచి ల్యాబ్ పనులు మొదలైతే కొనడమే సరైనది. చదువు నష్టపోయిన నెలలకు ఏ డిస్కౌంటూ సరితూగదు. అవసరం ఇంకా రాలేదంటే, కొత్త మోడల్ కోసం కాదు, అసలు ఏ పనికి కావాలో తేలేదాకా ఆగవచ్చు. బడ్జెట్ మరీ తక్కువైతే కంపెనీలు వాడి అమ్మేసిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి దృఢమైన మోడళ్లు రిఫర్బిష్డ్‌గా దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అని పిలిచేది, కంప్యూటర్ల వ్యాపారానికి పేరున్న చోటు. ఎక్కడ కొన్నా చిప్ విండోస్ 11 అనుమతి ఉన్న తరానిదా అన్నది చూడాలి. బ్యాటరీ రిపోర్టు తీయించి, మొదట ఉన్న సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండుతున్నది ఎంత అని పోల్చాలి. బిల్లు, వారంటీ రాతపూర్వకంగా తీసుకోవాలి.

అప్‌డేట్లు ఆగాక కూడా

విండోస్ దారి మూసుకున్న ల్యాప్‌టాప్‌కు లినక్స్ దారి తెరిచే ఉంటుంది. ఉబుంటు, లినక్స్ మింట్ వంటివి ఉచితం. ఉబుంటు దీర్ఘకాల వెర్షన్లకు అయిదేళ్లు అప్‌డేట్లు వస్తాయి. తెలుగులో కనిపించే లినక్స్ కోసం హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ కృషి చేసింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే పాఠాలు నడుపుతున్నాయి. అన్నయ్య చదువయ్యాక మిగిలిన ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే తొమ్మిదో తరగతి చెల్లెలికి టైపింగ్, పైథాన్, వీడియో పాఠాలకు ఇంకొన్నేళ్లు వస్తుంది.

ఈ పొదుపు ఇంటితో ఆగదు. ఐక్యరాజ్యసమితి సంస్థలు పాలుపంచుకున్న నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగేసింది. సక్రమంగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఆ బాధ్యతను తయారీ సంస్థల మీద పెట్టాయి. పాడైన బ్యాటరీని పాత ఇనుములో అమ్మకండి, చెత్తలో కాల్చకండి. కంపెనీ సేకరణ కేంద్రానికో, నమోదైన రీసైక్లర్‌కో ఇవ్వండి.

ఏడాదికి ఎంత పడింది?

ఒక చిన్న లెక్క వేద్దాం. 55,000 రూపాయలకు కొన్న ల్యాప్‌టాప్‌ను నాలుగేళ్లకే పక్కన పడేస్తే ఏడాదికి 13,750 పడినట్టు. మధ్యలో బ్యాటరీ, ర్యామ్ కోసం ఇంకో 8,000 పెట్టి ఏడేళ్లు వాడితే ఏడాదికి 9,000 మాత్రమే. ర్యామ్ స్లాట్ లేని, విడిభాగాలు దొరకని మోడల్ అయిదు వేలు తక్కువకు వచ్చినా ఈ రెండో లెక్కకు అవకాశమే ఇవ్వదు.

కాబట్టి కొన్న రోజే బిల్లు వెనక నాలుగు సంగతులు రాసి దాచండి: చిప్ ఏ ఏడాదిది, ర్యామ్ ఎంతవరకు పెంచవచ్చు, వారంటీ ఏ తేదీతో ముగుస్తుంది, దగ్గరి సర్వీస్ సెంటర్ ఎక్కడ. ఆ నాలుగు జవాబులూ బాగుంటే, వచ్చే నెల విడుదలయ్యే కొత్త మోడల్ ప్రకటన మిమ్మల్ని కంగారు పెట్టనక్కర్లేదు. పిల్లల చదువుకు సరిపోయే వస్తువు మీ చేతిలోనే ఉంది.